గృహరక్షణార్థం

మా పెదనాన్నగారి ఇంట్లో తూర్పుగది ద్వారబంధానికి పైభాగాన ఏడు చిల్లులున్నాయి. ఇంటికి రంగు వేయించినప్పుడల్లా వాటిని లప్పంతో పూడుస్తారు. రెండు వేసవులు గడిచేసరికి కర్ర ఎండి, లప్పం రాలి, అవి మళ్ళీ బయటపడతాయి. చిన్నతనంలో మేము వాటిలో వేలు పెట్టి లెక్కపెట్టుకునేవాళ్ళం. చుట్టాలు ఎవరొచ్చినా ఆ ద్వారబంధం చూపించి, 1981 ఫిబ్రవరిలో ఒకనాటి రాత్రి పెదనాన్న దొంగలను ఎలా తరిమికొట్టాడో చెప్పడం మా ఇంట ఒక ఆచారం. ఎవరు చెప్పినా కథ ఒకటే. పెరటి తలుపు గడియ కదిలింది. మంచం పక్కన గోడకు ఆనించి ఉన్న జోడుగొట్టాల తుపాకిని పెదనాన్న అందుకున్నాడు. చీకట్లోనే రెండు గొట్టాలూ పేల్చాడు. దొంగలు కాలికి బుద్ధి చెప్పారు. మర్నాడు పెరట్లో కాలిముద్రలు కనిపించాయి. అవి దొంగలవో, చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన ఇరుగుపొరుగులవో విచారించిన వారు లేరు.

ఆ కథలో మా అక్క లేదు. అదే గదిలో, పెదనాన్న మంచానికి రెండు మూరల దూరంలో నులకమంచం మీద ఆయన కూతురు, ఎనిమిదేళ్ళది, పడుకుని ఉంది. ఈ సంగతి నాకు తెలిసింది 2009లో. అప్పటిదాకా అది చెప్పదగ్గ విషయమని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడీ పాత గొడవ ఎందుకంటే, పెదనాన్న 2019లో పోయారు. తుపాకి గుంటూరులో ఒక ఆయుధాల వ్యాపారి దగ్గర జమలో ఉంది. మొన్న సంక్రాంతికి వెళితే అన్నయ్య (పెదనాన్న కొడుకు) నన్ను పక్కకు పిలిచి, లైసెన్సు తన పేరుకు మార్పించుకుంటున్నాననీ, దరఖాస్తుతో పాటు కలెక్టరు గారికి ఒక విన్నపం జతచేయాలనీ అన్నాడు. “నువ్వేదో రాస్తుంటావుగా, నాలుగు ముక్కలు పద్ధతిగా రాసిపెట్టరా” అన్నాడు. కారణం ఏమని రాయాలంటే, నాన్న రాసిందే రాయమన్నాడు. పాత కాగితం తీసి చూపించాడు. “ఆత్మరక్షణార్థం, గృహరక్షణార్థం” అని ఉంది, గుండ్రటి అక్షరాలతో.

నేను రాయనన్నాను. ఎందుకు రాయనో పండగ సందట్లో, పదిమంది ముందు, పెద్దవాడైన అన్నయ్యకు చెప్పలేకపోయాను. అందుకని ఇక్కడ చెబుతున్నాను. అన్నయ్య చదువుతాడో లేదో తెలియదు గానీ, ఆ మాట మీద నమ్మకం ఉన్నవారు మన జిల్లాల్లో ఆయనొక్కడే కాదు.

మాది చిలకలూరిపేటకూ పర్చూరుకూ నడుమ నల్లరేగడి ఊరు. 2022లో జిల్లాలు మారాక గుంటూరు, ప్రకాశం అనే పాత మాటలకు అర్థం మారింది కానీ, ఆ నేల మారలేదు, దాని మీద పత్తీ మిరపా మారలేదు. డెబ్భైలలో వరలక్ష్మి పత్తి వచ్చి అంతవరకూ చూడని డబ్బు చూపించింది. ఆ డబ్బుతో మా వాళ్ళు మూడు పనులు చేశారు. పెంకుటిల్లు పడగొట్టి డాబా వేశారు. ఇనప బీరువా కొన్నారు. ఆ బీరువాకు కాపలాగా తుపాకి కొన్నారు. ఒకదాని వెనక ఒకటి వచ్చిన ఈ మూడింటి మధ్య ఉన్న సంబంధమే నేను చెప్పదలచుకున్నది.

పెంకుటిల్లు శబ్దాన్ని పట్టి ఉంచదు. పెంకుల సందుల్లోంచి, వెదురు దబ్బల మధ్యనుంచి, మండువాలోని ఆకాశంలోకి అది వెళ్ళిపోతుంది. మట్టిగోడ కొంత తాగుతుంది. డాబా అలాంటిది కాదు. పైన సిమెంటు శ్లాబు, కింద నున్నటి గచ్చు, నాలుగు పక్కలా గట్టి పూత పూసిన గోడలు. మన పిల్లలు ఖాళీ గదిలో “ఓ” అని అరిచి మురిసిపోతారే, ఆ ప్రతిధ్వనే అక్కడ శబ్దాన్ని గోడకూ గోడకూ తిప్పి కొడుతుంది. ఏటా ఆ తూర్పుగదిలో శ్లాబు తాకేదాకా పత్తి పోసి ఉంచేవారు. పత్తికి ధ్వనిని తాగే గుణం ఉంది. పత్తి నిండిన గదిలో తుపాకి పేల్చినా మొదటి దెబ్బ తప్పదు కానీ, ప్రతిధ్వని మటుకు చచ్చిపోయేది. ఆ ఫిబ్రవరికి పత్తి అమ్ముడుపోయింది. గది ఖాళీ అయింది, బీరువా నిండింది, తుపాకి మంచం పక్కకు చేరింది. ఇంతకంటే వెటకారం నేను కల్పించలేను.

ఇక ఆ రెండు గొట్టాల సంగతి. శబ్దాన్ని డెసిబెల్‌ అనే కొలతతో కొలుస్తారు. ఇది మన మానికలాంటి, గజంలాంటి కొలత కాదు. ఇరవై పెరిగితే ఒత్తిడి పదింతలవుతుంది, శక్తి వందింతలవుతుంది. మనం మాట్లాడుకునేది 60 ప్రాంతంలో. కర్మాగారంలో ఎనిమిది గంటల పనికి 85 దాటకుండా ఉంటే మంచిదని వైద్యులు అంటారు. ఒక్కసారిగా పేలే శబ్దానికి పెద్దవాళ్ళ విషయంలో 140, పిల్లల విషయంలో 120 దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. పన్నెండు బోరు తుపాకి, పేల్చినవాడి చెవి దగ్గర, 150 పైచిలుకు. పిస్తోళ్ళు ఇంకా గట్టివి, గొట్టం పొట్టిది కనుక పేలుడు మొహానికి దగ్గర. 140 దగ్గరే గీత గీసినప్పుడు 160 అంటే గీతకు ఇరవై ఎక్కువ కదా అని సరిపెట్టుకునేరు. వంద రెట్లు.

దీపావళి టపాకాయ విషయంలో మన ప్రభుత్వం 1999 నుంచి ఒక హద్దు పెట్టింది. నాలుగు మీటర్ల దూరంలో 145 దాటే టపాకాయను తయారుచేయరాదు, అమ్మరాదు. వీధిలో, ఆకాశం కింద, నాలుగు మీటర్ల ఎడంగా ఉన్న పిల్లవాడి చెవి గురించి చట్టం అంత ఆలోచించింది. నాలుగు గోడల మధ్య, రెండు మూరల దూరంలో నిద్రపోతున్న పిల్ల చెవి గురించి ఆలోచించవలసిన వాడు ఇంటాయన. ఆయన బీరువా గురించి ఆలోచించాడు.

ప్రకృతి చెవికి ఒక కాపలా పెట్టింది. లోపల స్టెపీడియస్‌ అనే కండరం ఒకటి ఉంది, మన ఒంట్లో అతి చిన్నది. పెద్ద శబ్దం వినగానే అది బిగిసి, ఎముకల కదలికను తగ్గిస్తుంది. కానీ అది బిగుసుకోవడానికి సెకనులో పదోవంతు దాకా పడుతుంది. తుపాకి పేలుడు వెయ్యోవంతు లెక్కల్లో వచ్చి వెళ్ళిపోతుంది. కాపలావాడు కర్ర అందుకునేలోగా దోపిడీ పూర్తవుతుంది. పోయేవి ఏమిటంటే, నత్త ఆకారంలో ఉండే లోపలి చెవిలోని వెంట్రుక కణాలు. ఒక్కొక్క చెవికి సుమారు 15 వేలు, పుట్టుకతో వచ్చినవే. కంటిలో వెలుగును పట్టే కణాలు కోట్లలో ఉన్నాయి. చెవికి దేవుడు ఎందుకో పిసినారితనం చూపాడు. పోయిన కణం మళ్ళీ మొలవదు. అన్నట్టు, పక్షులకు మొలుస్తుందట! 1980ల చివర అమెరికాలో పరిశోధకులు కోడిపిల్లల మీద, పిట్టల మీద ఈ సంగతి కనిపెట్టారు. అంటే ఆ రాత్రి మా పెరటి గంప కింద ఉన్న కోళ్ళకు ఏమైనా అయ్యుంటే, ఉగాది నాటికి బాగుపడి ఉంటాయి.

మర్నాటి నుంచి అక్క ఎడమ చెవి పట్టుకుని ఏడ్చిందని పెద్దమ్మ చెప్పింది. చెవిపోటు అనుకున్నారు. చెవిపోటుకు మన ఇళ్ళల్లో ఏం చేస్తారో మీకు తెలుసు. వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన నూనె గోరువెచ్చగా పోశారు. కర్ణభేరి చిరిగిన చెవిలో నూనె పోయడమంటే, తలుపు విరిగిన ఇంట్లోకి బురద తోలడం. చీము పట్టింది. పేటలో ఒక వైద్యుడి దగ్గరకు పదిహేను రోజుల తర్వాత తీసుకెళ్ళారు. తుపాకి సంగతి ఆయన అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. ఒక్క మాట ఇక్కడ ఆగి చెప్పాలి: పేలుడు తర్వాత చెవి దిబ్బడ వేసినా, గుయ్‌మన్నా, అది రెండురోజుల్లో పోతుందిలే అని కూర్చోవద్దు. ఒక్క చుక్క ఏదీ పోయకుండా, వీలైతే ఆ రోజే, చెవి వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. స్టీరాయిడ్‌ మందుతో కొంతైనా నిలబెట్టగలిగే గడువు రోజులలోనే ఉంటుంది, వారాలలో కాదు.

బడిలో అక్కను మొద్దు అన్నారు. పిలిస్తే పలకదు, ఒకటడిగితే ఒకటి చెబుతుంది, ఎడమ వైపు కూర్చున్న పిల్లలతో దెబ్బలాడుతుంది. ఏడవ తరగతితో చదువు ఆగింది. పెళ్ళిచూపుల నాడు ఆమెను కుడి వైపు మాత్రమే అబ్బాయి తాలూకు వాళ్ళు ఉండేటట్లు కూర్చోబెట్టింది పెద్దమ్మ. ఆ తెలివి తల్లికి ఎక్కడినుంచి వచ్చిందో, అంటే ఎంత తెలిసి ఉండి ఎంత తెలియనట్లు ఉందో, నేను అడగలేకపోయాను. ఆమె కూడా ఆ రాత్రి అదే గదిలో ఉంది మరి. ఆమె చెవులను ఎవరూ ఏనాడూ పరీక్ష చేయించలేదు.

2009లో గుంటూరులో అక్కకు ఆడియోగ్రామ్‌ తీయించింది నేనే. గీత మొదట చదునుగా పోయి, 4000 హెర్ట్‌జ్‌ దగ్గర చెరువులోకి దిగినట్టు దిగిపోయింది. రెండు చెవులకూ, ఎడమది మరీ లోతు. ఆ గుంటను చూడగానే డాక్టరుగారు “ఎప్పుడైనా పేలుడు దగ్గర ఉన్నారామ్మా?” అని అడిగారు. అక్క లేదంది. నిద్రలో ఉన్న ఎనిమిదేళ్ళ పిల్లకు గుర్తేముంటుంది? నాకు ఏడు చిల్లులూ కళ్ళముందు కదిలాయి. ఇంటికి వచ్చి పెద్దమ్మను అడిగాను. “అది అప్పుడు ఆ గదిలోనే పడుకునేదిరా” అంది, ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి.

ఆ 4000 దగ్గరి గుంట మన భాషను ఏం చేస్తుందో చూడండి. మన తెలుగు అజంత భాష అని, మాట మాటా అచ్చుతో ముగుస్తుందని గొప్పగా చెప్పుకుంటాం. అచ్చులు కింది స్థాయి ధ్వనులు, గట్టివి. అక్కకు అవి చక్కగా వినబడతాయి. పోయేవి సకారాలు, చకారాలు, కకార తకార పకారాలు. అందువల్ల ఎదుటివాడు మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఎంతసేపు మాట్లాడాడో తెలుస్తుంది, కోపంగా అన్నాడో నవ్వుతూ అన్నాడో తెలుస్తుంది. ఏమన్నాడో మాత్రం తెలియదు. పత్తి అంటే కత్తి కావచ్చు, కత్తి అంటే సత్తి కావచ్చు. కారం అంటే సారం. పత్తీ మిరపా పండే ఊళ్ళో రోజుకు నూరుసార్లు ఈ ఊహాగానం చేస్తూ బతకడం ఎలా ఉంటుందో ఊహించండి. పైగా మనవలు సన్నటి గొంతుతో మాట్లాడితే అసలే అందదు. ఇక ఎడమ చెవిలో కీచురాయి. పగలంతా సందట్లో కలిసిపోయి, దీపం ఆర్పగానే మొదలవుతుంది. ఒక్క రాత్రి కూడా అది మానలేదని అక్క అంది. ఆ మాట ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు. అందరికీ అలాగే ఉంటుందని చాలా ఏళ్ళు అనుకుందట.

చట్టం లెక్కలో అక్కకు ఏమీ కాలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ, మాటలు వినే ధ్వనుల దగ్గర, 60 డెసిబెళ్ళ నష్టం ఉంటేనే వినికిడి లోపం. అక్క కుడి చెవి ఆ గీతకు ఇవతలే ఆగింది.

పెదనాన్న మాటేమిటంటారా? ఆయన కుడిచేతి వాటం. కుడి భుజానికి తుపాకి ఆనించినవాడికి గొట్టం వైపు ఉండేది ఎడమ చెవి. కుడి చెవి తల చాటున ఉంటుంది. టెలిఫోను ఆయన ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకునేవారు. టీవీ శబ్దం వీధి చివరికి వినబడేది. చెవుడు మాట ఎత్తితే ఒప్పుకునేవారు కాదు. “ఆ రాత్రి నాకసలు చప్పుడే వినపడలేదురా, ఏదో టపాకాయలా అనిపించింది” అనేవారు. ఆయన అబద్ధమాడలేదు. ప్రాణభయంలో ఉన్న మనిషికి తుపాకి మోత తక్కువగా వినబడటం, ఒక్కోసారి వినబడకపోవటం, పోలీసులూ సైనికులూ ఎందరో చెప్పిన అనుభవం. మెదడు దాన్ని పక్కకు నెడుతుంది. కానీ మెదడు పట్టించుకోనంత మాత్రాన చెవిలోని కణం ఊరుకోదు. అది విరిగే తీరుతుంది. వీరుడికి వినబడని ఆ చప్పుడునే మేము ముప్పై ఏళ్ళు శౌర్యంగా చెప్పుకున్నాం.

దొంగల పేరు చెప్పకుండా ఈ వాదం పూర్తికాదు. మా ప్రాంతంలో తుపాకి లైసెన్సు అడిగిన ఏ తరం వారికైనా నోట ఉన్న మాట ఒకటే: స్టువార్టుపురం. 1913లో, నేరస్థ జాతుల చట్టం కింద, ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్‌ ఆర్మీ చేతికి అప్పగించి బాపట్ల దగ్గర స్థాపించిన ఊరు అది. పుట్టుకనే నేరంగా రాసిన ఆ చట్టం 1952లో రద్దయింది, ఆ పేరు మీది భయం రద్దు కాలేదు. మా పెదనాన్న తుపాకి కొన్న 1970లలోనే, ఇదే గడ్డ మీద పుట్టిన జాషువా గారి కూతురు హేమలతా లవణం ఆ ఊళ్ళోకి ఉత్త చేతులతో వెళ్ళి, ఆ ఇళ్ళల్లో కూర్చుని, మార్పు కోసం పనిచేశారు. భయం ఒకటే, ఊరు ఒకటే. ఆవిడ వెళ్ళింది, మేము తలుపు వేసుకుని గది లోపల పేల్చుకున్నాం.

“ప్రాణం పోతే చెవులెందుకోయ్‌?” అని మా బావ అన్నాడు. మంచి ప్రశ్నే, దీన్ని దాటవేయను. గొంతు మీద కత్తి ఉన్నప్పుడు డెసిబెళ్ళు లెక్కపెట్టమని నేను ఎవరికీ చెప్పను. రాత్రిపూట కన్నం వేసి ఇంట్లో జొరబడినవాణ్ణి ఎదుర్కొనే హక్కు పాత శిక్షాస్మృతిలో ఉంది, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. ఆ హక్కుతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా గడియ కదిలిన చప్పుడుకు పేల్చే తుపాకితో, “ఒకటి గాల్లోకి పేల్చి బెదిరిద్దాం” అనే ధీమాతో. డాబా గదిలో గాలి ఎక్కడుంది? పైన శ్లాబు ఉంది. అరిస్తే, లైటు వేస్తే, పళ్ళెం మీద గరిటెతో కొడితే పారిపోయే దొంగ కోసం, ఇంట్లో ఉన్న ప్రతి చెవినీ బలిపెట్టాం. గుండ్లు ద్వారబంధానికి తగిలాయి. శబ్దం మాత్రం గురి తప్పలేదు.

పైగా యుద్ధనీతి ప్రకారం చూసినా ఇది తెలివితక్కువ పని. చీకట్లో కాపలావాడికి ఉన్న ఆయుధం చెవి. మొదటి తూటా పేలగానే ఆ చెవి కొన్ని నిమిషాలో, కొన్ని గంటలో గుయ్‌మని మూసుకుపోతుంది. రెండో దొంగ అడుగు వినబడదు. పెరట్లోంచి “నేనేరా” అని పాలేరు అరిచినా వినబడదు. పక్కన పిల్ల ఏడుస్తున్నా వినబడదు. ఆ రాత్రి అక్క ఏడ్చిందని పెదనాన్నకు తెల్లవారాక గానీ తెలియదట.

ఇంకొక ముచ్చట. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులను పోలీసుస్టేషనులోనో వ్యాపారి దగ్గరో జమచేయాలి. ఆ నెలా రెండు నెలలూ మా ఇల్లు రక్షణ లేకుండానే ఉండేది. పెదనాన్న హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయేవారు. ఎన్నికల నియమావళి దొంగలకు కూడా వర్తిస్తుందని ఆయన నమ్మకం కాబోలు.

సినిమాలను అనవలసిన పని ఉంది, కానీ ఒక్క వాక్యం చాలు. మేడ గదిలో పది రౌండ్లు పేల్చి, పొగ ఆరకముందే నాయిక చెవిలో గుసగుసలాడే కథానాయకుణ్ణి చూసి పెరిగినవాడికి తుపాకి అంటే కంటికి సంబంధించిన వస్తువే తప్ప చెవికి సంబంధించినది ఎలా అవుతుంది?

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. సంక్రాంతికి వచ్చినవాడు తన పడకగదిలోని పిస్తోలు ఫొటో ఫోనులో చూపించాడు. అమెరికాలో పది మందిలో నలుగురి ఇళ్ళల్లో తుపాకి ఉంటుంది. బంగారం ఉంటుందని మన వాళ్ళ ఇళ్ళ మీద దొంగలు పడిన ఉదంతాలూ ఉన్నాయి. కనుక వాడి భయం వట్టిది కాదు. “నెలకొకసారి రేంజికి వెళ్ళి ప్రాక్టీసు చేస్తాను మామయ్యా” అన్నాడు. అక్కడ చెవులకు ఏం పెట్టుకుంటావురా అంటే, “మఫ్‌లు లేకుండా లోపలికే రానివ్వరు, లోపల బిరడాలు కూడా పెట్టుకుంటాను” అన్నాడు. ఇంట్లో? వాడు నవ్వేశాడు. రేంజి గోడలకు శబ్దం తాగే పలకలు బిగించి ఉంటాయి, అయినా రెండు తొడుగులు. ఇంటి గోడలు ఉత్తవి, పక్క గదిలో ఏడాది పిల్ల, తొడుగు ఒక్కటీ లేదు. చిన్న చప్పుళ్ళను వినిపిస్తూ పెద్దవాటిని ఆపే ఎలక్ట్రానిక్‌ మఫ్‌లు ఉన్నాయనీ, కొందరు వాటిని పిస్తోలు పక్కనే పెట్టుకుంటారనీ వాడికి తెలుసు. మంచిదే. మరి పిల్లకు ఎవరు తొడుగుతారు? దొంగ ఆగుతాడా? వాడి నవ్వు ఆగింది గానీ పిస్తోలు అమ్ముతానని అనలేదు. ప్రపంచంలోకెల్లా ధనిక సైన్యం ఉన్న ఆ దేశంలోనే, సైన్యం నుంచి బయటికి వచ్చినవారు పరిహారం పొందే వైకల్యాలలో మొదటి వరుసలో ఉన్నవి చెవిలో మోత, వినికిడి లోపం. సైనికులకిచ్చిన చెవి బిరడాలు పనిచేయలేదన్న దావాలను తేల్చుకోవడానికి 3ఎం కంపెనీ 2023లో 600 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. బిరడా పెట్టుకున్నవాళ్ళ సంగతి అది.

“చెవుల్లో ఇంత దూది కుక్కుకుంటే సరి, మనకు పత్తికి కరువా?” అని అన్నయ్య. పొడి దూది శబ్దాన్ని ఆపేది బహు స్వల్పం, ఏ ఐదో ఆరో డెసిబెళ్ళు. గదిలో శ్లాబు తాకేదాకా పోసిన పత్తి చేసే మేలు చెవిలో ఉండ చుట్టిన పత్తి చేయదు. దాన్ని మైనంలో తడిపితే కొంత నయం. మన జిన్నింగు మిల్లుల్లో చెవులకు దూది పెట్టుకుని పనిచేసే కూలీలను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. శబ్దం వల్ల వచ్చే చెవుడు చట్టం ప్రకారం నమోదు చేయవలసిన వ్యాధి. వాళ్ళ కథ వేరే రాయాలి, ఇంతకంటే పెద్దది అది.

ఆయుధాల చట్టం 1959 నాటిది. దాని 13వ సెక్షనులో, ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టమున్న నున్నటి బోరు తుపాకిని రక్షణ కోసమో వేట ఆట కోసమో, మందు కూరే నాటు తుపాకిని పంట కాపలా కోసమో అడగవచ్చు. 2016 నియమాలు తుపాకి భద్రతలో శిక్షణ కూడా పొందాలన్నాయి. ఆ శిక్షణలో మొదటి పాఠంగా, దరఖాస్తుదారును ఒక ఖాళీ డాబా గదిలో నిలబెట్టి, ఈ గదిలో రాత్రి ఎవరెవరు పడుకుంటారో పేర్లు రాయమనాలని నా కోరిక. పేరు ఎదురుగా వయసు. వయసు ఎదురుగా మంచం ఎన్ని మూరల దూరం.

అన్నయ్య నా కోసం ఆగలేదు. కలెక్టరు ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చునే రైటరు చేత రాయించుకున్నాడు. కారణం అదే, గృహరక్షణార్థం. ఒక్కటే కాగితం మిగిలింది. చనిపోయినవారి తుపాకిని ఒక వారసుడు తీసుకోవాలంటే మిగతా వారసులు తమకు అభ్యంతరం లేదని సంతకం చేయాలి. పెద్దమ్మ కూడా పోయింది కనుక మిగిలిన వారసురాలు అక్క.

కనుమ నాడు వరండాలో అన్నయ్య ఆ కాగితం ఆమెకు చదివి వినిపించాడు. ఆయన కూర్చున్నది ఆమెకు ఎడమ వైపు. అక్క తల ఊపుతూ ఆయన పెదవుల వంక చూసింది. చదవడం అయ్యాక కాగితం తీసుకుని, “కళ్ళజోడు ఇంట్లో ఉంది, నిదానంగా చూస్తాలేరా” అని మడిచి, కొంగున ముడివేసుకుంది. నెల దాటింది. అన్నయ్య రెండుసార్లు మనిషిని పంపాడు. పంపిన ప్రతిసారీ ఆ మనిషి చెప్పింది తనకు సరిగా వినబడలేదంటోంది.